దోమలో కాపురమున్న బాక్టీరియా: పంజరము నుండి వీధి వరకు

1897వ సంవత్సరము ఆగస్టు 20వ తేదీన సికిందరాబాదులో రొనాల్డ్ రాస్ ఒక దోమను కోసి, దాని కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని సూక్ష్మదర్శిని క్రింద చూచెను. నాటి నుండి మన యుద్ధము దోమతోనే సాగినది. మురుగునీటిపై నూనె చల్లితిమి, గోడలపై డి.డి.టి. కొట్టితిమి, మంచములకు తెరలు కట్టితిమి. గెలుపు దొరకకపోలేదు. మన దేశములో 1965 నాటికి మలేరియా కేసులు సుమారు లక్షకు దిగినవి. కాని 1976 నాటికి అవి మరల 64 లక్షలకు పెరిగినవి. దోమ మందునకు అలవాటుపడినది, మనము ఏమరితిమి.

ఇప్పుడు కొందరు శాస్త్రజ్ఞులు వేరొక దారి పట్టియున్నారు. దోమను చంపుటకు మారుగా, దోమ శరీరములోనే నివసించు బాక్టీరియాను మనకు తోడు తెచ్చుకొనవచ్చునా అని వారు పరిశోధించుచున్నారు. దినపత్రికలలో ఈ వార్తలు తరచుగా వచ్చుచున్నవి. డెంగ్యూకు విరుగుడు దొరికినదని ఒకనాడు, మలేరియాను అడ్డు బాక్టీరియా కనబడినదని మరియొకనాడు చదువుచున్నాము. వార్త చదివిన విద్యార్థి మరునాడు తరగతిలో లేచి, "ఇది నిజమేనా మాస్టారూ?" అని అడిగినచో ఉపాధ్యాయుడు ఏమి చెప్పవలెను?

నిజమనుట తేలిక, అబద్ధమనుట ఇంకను తేలిక. ఏ మేరకు నిజమో తూచి చెప్పుటయే కష్టము. అట్లు తూచుటకు మూడు గడపలను గుర్తుంచుకొనిన చాలును. మొదటిది పంజరపు గడప: ప్రయోగశాలలో ఆ దోమ రోగకారక జీవిని మోయలేకపోయినదా? రెండవది వీధి గడప: ఎండకు, వానకు, ఆకలికి తట్టుకొని ఆ బాక్టీరియా దోమలలో తరతరములు నిలిచినదా? మూడవది ఆస్పత్రి గడప: రోగుల సంఖ్య తగ్గినదని న్యాయమైన పోలికతో చూపిరా? ఈ మూడింటి ప్రక్కన నాలుగవది యొకటి కలదు. అది ఇంటి గడప. ఎవరి ముంగిట దోమలను వదలుచున్నారో, వారిని ముందుగా అడిగిరా? ఈ పరిశోధనల చరిత్రను ఈ గడపల మీదుగా పరిశీలింతము.

వోల్బాకియా అను అతిథి

1924లో అమెరికాలో మార్షల్ హెర్టిగ్, వోల్బాక్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు క్యూలెక్స్ దోమ కణములలో ఒక సూక్ష్మజీవిని చూచిరి. 1936లో హెర్టిగ్ తన సహచరుని పేరు మీదుగా దానికి వోల్బాకియా అని నామకరణము చేసెను. ఇది కణము వెలుపల స్వతంత్రముగా బ్రతుకజాలదు. తల్లి గ్రుడ్డు ద్వారా పిల్లలకు సంక్రమించును. తండ్రి ద్వారా సంక్రమించదు. కీటక జాతులలో ఇంచుమించు సగమువరకు ఇది నివసించుచున్నదని అంచనా.

తండ్రి ద్వారా పోజాలని ఈ జీవి తన వంశము నిలుపుకొనుటకు ఒక ఉపాయము చేసినది. బాక్టీరియా గల మగదోమ, బాక్టీరియా లేని ఆడదోమతో కలిసినచో ఆ గ్రుడ్లు పొదగవు. బాక్టీరియా గల ఆడదోమ మాత్రము ఎట్టి మగదోమతో కలిసినను గ్రుడ్లు పొదగును. పిల్లలన్నింటికి బాక్టీరియా ఉండును. దీనిని కణద్రవ్య అననుకూలత అందురు. విద్యార్థులు నాలుగు గళ్ళ పట్టిక గీచి ఈ నాలుగు కలయికలను వ్రాసికొనిన, ఒక సంగతి వెంటనే తెలియును. బాక్టీరియా లేని ఆడదోమకు సంతాన నష్టము కలదు, ఉన్నదానికి లేదు. కనుక బాక్టీరియా గల దోమల పాలు ఒక హద్దు దాటినచో, అది తనంతట తానే పెరిగిపోవును.

ఇందువలన రెండు వేర్వేరు పద్ధతులు ఏర్పడినవి. మగదోమలను మాత్రమే వదలిన, గ్రుడ్లు పొదగక దోమల సంఖ్య తగ్గును. ఇది అణచివేత. ఆడ, మగ రెండింటిని వదలిన, వీధిలోని దోమల స్థానమును బాక్టీరియా గల దోమలు ఆక్రమించును. ఇది మార్పిడి. వార్తలలో ఈ రెండు పద్ధతులు తరచు కలగాపులగమగుచున్నవి. మొదటిదానిలో విడుదల ఆపినచో దోమలు మరల వచ్చును. రెండవదానిలో దోమలు తగ్గవు, వాటి గుణము మారును. ఈ భేదము తెలియనివాడు ఫలితమును సరిగా విలువకట్టజాలడు.

రెండు పాత పాఠములు

కారణము తెలియకమునుపే ఫలితమును వాడుకొనుట శాస్త్రచరిత్రలో అరుదు కాదు. 1967లో జర్మను శాస్త్రజ్ఞుడు హాన్స్ లావెన్ బర్మాలో రంగూను సమీపమున నున్న ఓక్పో అను చిన్న గ్రామములో, స్థానిక దోమలతో పొసగని క్యూలెక్స్ మగదోమలను వదలెను. కొలది వారములలో ఆ గ్రామపు గ్రుడ్లు పొదగుట మానినవి. ఆ పొసగమికి కారణము వోల్బాకియాయే అని యెన్, బార్ అనువారు నిరూపించినది 1971లో! ఓక్పో ప్రయోగము వీధి గడప దాటినది. కాని అది ఒక చిన్న గ్రామము. బోదకాలు తగ్గినదా అని అచ్చట చూడలేదు. కావున మూడవ గడప చేరినదని చెప్పరాదు.

రెండవ పాఠము మన దేశమునకు చెందినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, భారత వైద్య పరిశోధనా మండలి కలిసి ఢిల్లీలో దోమల జన్యు నియంత్రణకు ఒక పరిశోధనా విభాగమును నడపినవి. ధనసహాయము అమెరికా ప్రభుత్వము నుండి వచ్చినది. చుట్టుప్రక్కల గ్రామములలో క్యూలెక్స్ మగదోమలను వదలి చూచిరి. సోనిపట్ పట్టణములో ఏడిస్ ఈజిప్టై దోమలను వదలుటకు ఏర్పాట్లు చేసిరి. ఇంతలో 1974లో పత్రికలలో తీవ్రమైన అనుమానములు వెలువడినవి. మన దేశములో లేని పచ్చజ్వరమును మోయగల దోమపై విదేశ ధనముతో ఇంత శ్రద్ధ ఎందుకని, ఇది సూక్ష్మజీవ యుద్ధమునకు సంబంధించినదేమో అని ప్రశ్నించిరి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరోపణలను త్రోసిపుచ్చినది. అయినను పార్లమెంటులో చర్చ జరిగినది. ప్రభుత్వ లెక్కల సంఘము తీవ్రముగా విమర్శించినది. 1975లో విభాగము మూతపడినది, సోనిపట్ విడుదల జరుగనే లేదు.

ఈ కథను కొందరు అజ్ఞానము విజ్ఞానమును ఓడించిన ఉదంతముగా చెప్పుదురు. అది న్యాయము కాదు. ధనము ఎచ్చటినుండి వచ్చినది, లెక్కలు ఎవరు చూతురు, ప్రయోజనమెవరిది అని పౌరుడు అడుగుట అజ్ఞానము కాదు, వాని హక్కు. ఆ ప్రశ్నలకు ముందుగానే సమాధానము చెప్పనందున, చేసిన పని మంచిదో కాదో తేలకయే పోయినది. ఇంటి గడపను చివరకు వదలిపెట్టినవారు మిగిలిన మూడు గడపలను చేరజాలరని ఢిల్లీ నేర్పిన పాఠము.

పండ్ల ఈగ చేసిన మేలు

ఇక డెంగ్యూ సంగతి. దీనిని ముఖ్యముగా వ్యాపింపజేయునది పగటిపూట కుట్టు ఏడిస్ ఈజిప్టై. సహజముగా దీనిలో వోల్బాకియా లేదు. ఆస్ట్రేలియాలో స్కాట్ ఓనీల్, ఆయన సహచరులు పండ్ల ఈగలోని వోల్బాకియాను ఈ దోమలోనికి ఎక్కించుటకు పూనుకొనిరి. సన్నని గాజుసూదితో దోమ గ్రుడ్డులోనికి బాక్టీరియాను పంపవలెను. అది ఎంతటి ఓపిక పనియో ఊహించుకొనవచ్చును.

వారి మొదటి ఆలోచన వేరు. డెంగ్యూ వైరస్ దోమ శరీరములో వృద్ధిపొంది లాలాజల గ్రంథులను చేరుటకు వారము పది దినములు పట్టును. కనుక దోమ ఆయువును సగము చేసినచో, వ్యాధిని అంటించు వయస్సు రాకమునుపే అది చచ్చును. పండ్ల ఈగలలో ఆయువు తగ్గించు వోల్బాకియా రకమొకటి కలదు. 2009లో దానిని దోమలో స్థిరపరచిరి. పంజరములో ఆలోచన చక్కగా ఫలించినది. వీధిలో విఫలమైనది. ఆస్ట్రేలియాలోను, వియత్నాములోను ఆ దోమలను వదలినపుడు వాటి పాలు మొదట పెరిగి, విడుదల ఆపిన పిదప తరిగిపోయినది. ఆయువు తక్కువై, గ్రుడ్లు ఎండకు తట్టుకొనలేని దోమ వీధిలో ఎట్లు నిలుచును? పంజరములో మనకు మేలనిపించిన గుణమే వీధిలో దోమకు కీడైనది.

అదృష్టవశమున మరియొక సంగతి అంతలోనే బయటపడినది. వోల్బాకియా గల పండ్ల ఈగలు కొన్ని వైరస్‌లకు లొంగవని 2008లో రెండు పరిశోధక బృందములు ప్రకటించినవి. 2009లో దోమలోను అట్లే డెంగ్యూ, చికున్‌గున్యా వైరస్‌లు అణగుట చూచిరి. అనగా ఆయువు తగ్గింపనవసరము లేదు. దోమను ఆరోగ్యముగా బ్రతుకనిచ్చి, వైరస్‌ను మాత్రము అడ్డు మెత్తని రకము చాలును. అట్టి రకము పేరు డబ్ల్యు-మెల్. 2011 ప్రారంభములో ఆస్ట్రేలియాలోని కెయిర్న్స్ ప్రాంతమున రెండు చోట్ల సుమారు 3 లక్షల దోమలను వదలిరి. కొలది నెలలలో అచ్చటి దోమలు దాదాపు అన్నియు బాక్టీరియా గలవయినవి.

ఇచ్చట ఒక అపోహను తొలగింపవలెను. వోల్బాకియా ఉన్నంత మాత్రమున దోమ నిరపాయకరము కాదు. మన మురుగుకాలువలలో పుట్టి బోదకాలును వ్యాపింపజేయు క్యూలెక్స్ దోమలో వోల్బాకియా పుట్టుకతోనే కలదు. తోటలలో తిరుగు ఏడిస్ ఆల్బోపిక్టస్‌లో రెండు రకముల వోల్బాకియా ఉన్నను అది డెంగ్యూను మోయుచునే యున్నది. ఏ రకము బాక్టీరియా, ఏ దోమలో, ఏ అవయవములో, ఎంత దట్టముగా ఉన్నది అనునదే ముఖ్యము. వైరస్ అణగుటకు కారణము దోమలో రోగనిరోధము మేల్కొనుటయా, క్రొవ్వుపదార్థముల కొరకు పోటీయా అను విషయమై పరిశోధకులు ఇంకను ఏకాభిప్రాయమునకు రాలేదు. కారణము పూర్తిగా తెలియని రక్షణ ఎంతకాలము నిలుచునో కనిపెట్టియుండవలెను. వైరస్ కూడ మార్పుచెందు జీవియే కదా.

యోగ్యకర్త లెక్క

మూడవ గడపను నిండుగా దాటిన ప్రయోగము ఇండోనేషియాలోని యోగ్యకర్త నగరములో జరిగినది. నగరమును 24 భాగములుగా విభజించి, చీట్లు తీసినట్లు 12 భాగములను ఎన్నుకొని, అచ్చట మాత్రమే 2017లో వోల్బాకియా దోమల గ్రుడ్లను ఉంచిరి. మిగిలిన 12 భాగములను మామూలుగానే వదలిరి. 2018 జనవరి నుండి 2020 మార్చి వరకు జ్వరముతో ఆరోగ్యకేంద్రములకు వచ్చిన 3 మొదలు 45 ఏండ్ల వయస్సు వారి రక్తమును పరీక్షించి, డెంగ్యూ అవునో కాదో తేల్చిరి. ఫలితములను 2021లో ప్రకటించిరి.

లెక్క ఇది. దోమలు వదలిన భాగములలో పరీక్షింపబడిన 2,905 మందిలో డెంగ్యూ 67 మందికి. వదలని భాగములలో 3,401 మందిలో 318 మందికి. దీనిని తరగతిలో చేయించవచ్చును. డెంగ్యూ ఉన్నవారి సంఖ్యను లేనివారి సంఖ్యతో భాగింపుడు. మొదటిచోట 67ను 2,838తో భాగింపగా 0.0236, రెండవచోట 318ని 3,083తో భాగింపగా 0.1031. మొదటిదానిని రెండవదానితో భాగింపగా సుమారు 0.229 వచ్చును. దానిని 1 నుండి తీసివేయగా 0.771, అనగా 77.1 శాతము రక్షణ. పత్రికలలో వచ్చిన అంకె ఇదియే. జ్వరము వచ్చినవారిలోనే డెంగ్యూ ఉన్నవారిని, లేనివారిని పోల్చుటవలన, ఎవరు వైద్యునికడకు పోదురు, ఎవరు పోరు అను భేదము లెక్కను చెరుపలేదు. ఆస్పత్రిలో చేరవలసినంత డెంగ్యూపై రక్షణ 86.2 శాతమని తేలినది.

ఈ ప్రయోగములో లోపములు లేవా? కలవు. ప్రజలకు తాము ఏ భాగములో నున్నామో తెలియును. బొత్తిగా దోమలు లేని మాయ గ్రుడ్లను రెండవ భాగములో ఉంచలేదు. జనులు ఒక భాగమునుండి మరియొక దానికి పనులపై తిరుగుదురు. దోమలును హద్దులు పాటింపవు. అయితే ఈ రాకపోకలు భేదమును పెంచవు, తగ్గించును. కావున అసలు రక్షణ చూపిన అంకెకు తక్కువ కాకపోవచ్చును. ఇట్టి నిష్కర్ష గల లెక్క దోమల నియంత్రణ చరిత్రలో అరుదు.

కాని ఒక నగరపు అంకె ప్రపంచమంతటికి అంకె కాదు. బ్రెజిల్‌లోని రియో డి జనైరోలో అవే దోమలను వదలగా, బాక్టీరియా అన్నిచోట్ల సమముగా నిలువలేదు. మొత్తముమీద వీధి దోమలలో సుమారు మూడవవంతునకే అది కనబడినది. డెంగ్యూ తగ్గినది 38 శాతము. దీనిని ఓటమి యనుట తొందరపాటు. విజయమని డప్పుకొట్టుటయు తొందరపాటే. రెండవ గడప ఎంత దాటితిమో, మూడవ గడప అంతే దాటుదుమని దీని అర్థము.

అణచివేత పద్ధతిలోను మంచి పని జరిగినది. చైనాలో గ్వాంగ్‌జౌ సమీపమున రెండు దీవులలో ఏడిస్ ఆల్బోపిక్టస్ దాదాపు తుడిచిపెట్టుకొనిపోయినదని 2019లో ప్రకటించిరి. అయితే అచ్చట లెక్కించినది దోమలను, రోగులను కాదు. వార్తను చదువునపుడు ఈ తేడా గుర్తుండవలెను.

మలేరియా మాట

మలేరియాకు కూడ ఇట్టి బాక్టీరియాను వెదకుచున్నారు. పట్టణపు మలేరియాను మోయు అనాఫిలిస్ స్టీఫెన్సై దోమలో వోల్బాకియాను 2013లో స్థిరపరచిరి. కాని దాని గ్రుడ్లు తక్కువగా పొదగినవి. ఆయువు తగ్గించు రకమునకు వీధిలో పట్టిన గతిని తలచినచో, ఇది ఎంత పెద్ద ఆటంకమో తెలియును. 2012లో పాంటియా అను బాక్టీరియాకు జన్యుమార్పిడి చేసి, దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని 98 శాతమువరకు అణచిరి. 2023లో డెల్ఫ్టియా అను బాక్టీరియా కథ వెలువడినది. ఒక ప్రయోగశాలలోని దోమలు కారణము తెలియకుండనే మలేరియాను మోయుట మానినవి. వెదకిచూడగా వాటి కడుపులో ఈ బాక్టీరియా కనబడినది. అది హార్మేన్ అను పదార్థమును స్రవించి పరాన్నజీవిని అడ్డుచున్నదని తేలినది. బుర్కినా ఫాసోలో వలకట్టిన పెద్ద పంజరములలో కూడ దానిని పరీక్షించిరి.

ఈ పనులు ముచ్చటైనవి. కాని 98 శాతమను అంకె పంజరములోనిది, 77 శాతమను అంకె వీధులలోని మనుష్యులది. చిన్నదిగా కనబడు రెండవ అంకెయే మొదటిదానికన్న విలువైనది. జన్యుమార్పిడి చేసిన బాక్టీరియాను బయట వదలుటకు చట్టము, ప్రజాభిప్రాయము అను వేరు పరీక్షలు కూడ కలవు.

మన ముంగిట

2022లో పుదుచ్చేరిలోని భారత వైద్య పరిశోధనా మండలి వారి కీటక నియంత్రణ పరిశోధనా కేంద్రము, వోల్బాకియా గల ఏడిస్ ఈజిప్టై దోమలను రెండు రకములుగా సిద్ధపరచినట్లు ప్రకటించినది. ఒకదానిలో డబ్ల్యు-మెల్, రెండవదానిలో డబ్ల్యు-ఆల్బ్-బి అను రకము కలదు. వీటిని బయట వదలుటకు ప్రభుత్వపు అనుమతులు కావలెను.

ఇచ్చట ఎండ మాట ఎత్తక తప్పదు. డింభకములు పెరుగు నీరు రోజూ 26 నుండి 37 డిగ్రీల మధ్య మారుచున్నచో డబ్ల్యు-మెల్ బాక్టీరియా బాగుగా తగ్గిపోవుననియు, డబ్ల్యు-ఆల్బ్-బి అంతకన్న బాగుగా తట్టుకొనుననియు 2017లో ప్రకటించిన ప్రయోగములు చూపినవి. రామగుండములోనో, రెంటచింతలలోనో మే నెలలో మిద్దెమీది తొట్టి నీరు ఎంత కాగునో మన విద్యార్థులకు చెప్పనక్కరలేదు. ఇది పాఠశాలలోనే కొలువదగిన విషయము. నీడలోని కుండలో, ఎండలోని పాత టైరులో, మిద్దెమీది తొట్టిలో ఉష్ణమాపకమును ఉంచి మూడు పూటల కొలతలు వ్రాసికొనవచ్చును. కొలత తీయునపుడే అందు డింభకములున్నవేమో చూచి, ఉన్నచో నీరు పారబోయవలెను. యోగ్యకర్త అంకెను మన ఊరికి తెచ్చుకొనుటకు ముందు అడుగవలసిన మొదటి ప్రశ్న ఆ కొలతలోనే ఉన్నది.

ఇక ఇంటి గడప. యోగ్యకర్తలో గ్రుడ్లు, నీరు, మేత గల చిన్న పాత్రలను ఇండ్ల ఆవరణలలోనే ఉంచిరి. అందుకు ముందుగా స్థానిక పెద్దల సమ్మతి పొందిరి. మన వద్ద అట్టి పని ఎన్నడైన జరిగినచో, ఊరివారు వచ్చి అడుగునది పెద్ద అధికారిని కాదు, తమ పిల్లల సైన్సు మాస్టారును. "దోమలను తగ్గించమంటిరి, ఇప్పుడు మీరే వదలుచున్నారేమి?" అని వారు నిలదీయుదురు. ఆ దినమున మాస్టారుకు నాలుగు గడపలు తెలిసియుండవలెను. తెలిసినదానిని దాచక, తెలియనిదానిని పెంచక చెప్పగల నోరుండవలెను. 1975లో మనకు కొరవడినది మంచి దోమలు కావు, అట్టి నోరే.

అంతవరకు వారమునకొకసారి తొట్లు తోమి ఆరబెట్టుట, పూలకుండీల క్రింది పళ్ళెములు వంపుట మానరాదు. బాక్టీరియా ఎంత మంచి అతిథియైనను, ఇంటి పని అది చేయదు.